నా ల్యాప్‌టాప్ పాడవలేదు: ట్రాకర్‌తో పన్నెండు రోజులు

నిన్న రాత్రి పదకొండు దాటాక నా ల్యాప్‌టాప్ ఫ్యాన్ మోత ఆగింది. పన్నెండు రోజులుగా దానితో కుస్తీ పడుతున్నాను. కారణం ట్రాకర్, అంటే మనం వెతికే ఫైళ్లు త్వరగా దొరకడానికి ముందే చిట్టా రాసిపెట్టుకునే ప్రోగ్రాం. ప్రాణం లేచొచ్చింది. మర్చిపోకముందే అంతా రాసిపెడుతున్నాను.

నాది ఎనిమిదేళ్ల ల్యాప్‌టాప్. 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్, విండోస్ బదులు లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటు 22.04. మా నాన్నగారు దాచిన పాత తెలుగు పుస్తకాలు, పత్రికలు రెండేళ్లుగా స్కాన్ చేస్తున్నాను. ఈమధ్య ఆ పీడీఎఫ్‌లన్నీ, దాదాపు 80 జీబీ, బయటి డిస్క్ నుంచి డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లోకి ఎక్కించాను. ఆ సాయంత్రం నుంచే మొదలైంది. పేజీ తిప్పితే అర నిమిషం. కీ నొక్కాక ఎప్పటికో అక్షరం పడేది.

షాపుకి తీసుకెళ్లాను. అక్కడి కుర్రాడు రెండు నిమిషాలు చూసి, "మిషన్ అయిపోయింది సార్, కొత్తది తీసుకోండి. అయినా ఈ వయసులో మీకు లినక్స్ ఎందుకు సార్?" అన్నాడు. పక్కన ముగ్గురు కస్టమర్లు ఉన్నారు. తల కొట్టేసినట్టయింది. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి. ఏ ప్రోగ్రాం నడుస్తోందో కూడా చూడకుండా తీర్పు చెప్పేశాడు. నాడి చూడకుండా రోగం చెప్పేవాళ్లను నేను నమ్మను.

ఇంటికొచ్చి, ఆదేశాలు టైప్ చేసే టెర్మినల్‌లో టాప్ అని కొట్టాను. ఏ ప్రోగ్రాం ఎంత శ్రమ పెడుతోందో అది చూపిస్తుంది. దొంగలిద్దరూ పైనే కనిపించారు: ట్రాకర్-మైనర్-ఎఫ్, ట్రాకర్-ఎక్స్‌ట్రాక్ట్. మొదటిది తనకు అప్పగించిన ఫోల్డర్లు తిరిగి ఏ ఫైల్ ఎక్కడుందో రాసుకుంటుంది. రెండోది ఒక్కో ఫైల్ తెరిచి, లోపలి వివరాలు లాగి డేటాబేస్‌లో పెడుతుంది. మనం వెతికినప్పుడు జవాబు చప్పున రావడానికే ఈ శ్రమంతా. కానీ వందల పేజీల స్కాన్‌లు ఒక్కసారిగా మీద పడేసరికి పాత డిస్క్ ఊపిరాడక కొట్టుకుంటోంది.

ఇక అసలు నరకం. అడ్మిన్ అధికారమిచ్చే సుడో పెట్టి, వెనకాల నడిచే సర్వీసుల్ని ఆపే సిస్టమ్‌సీటీఎల్ స్టాప్ అని, టాప్‌లో కనిపించిన పేరే అక్షరం పొల్లుపోకుండా కొట్టాను. అలాంటి యూనిట్, అంటే సర్వీసు, ఏదీ లోడ్ కాలేదని జవాబు. కళ్లెదుట డిస్క్‌ని నమిలేస్తోంది, అడిగితే అసలు లేదంటోంది! స్పెల్లింగ్ తప్పేమోనని నాలుగుసార్లు కొట్టాను. ప్రోగ్రాంని బలవంతంగా చంపే కిల్ మైనస్ 9 ప్రయోగించాను. చచ్చింది, కాసేపటికే కొత్త నంబరుతో లేచి కూర్చుంది. ఎన్నిసార్లు చంపినా అదే తంతు. రాత్రి ఒంటిగంటయింది. షాపు కుర్రాడి మాటే నిజమేమోనని ఆ రాత్రి అనిపించింది, అదే ఎక్కువ బాధ.

పొద్దున్నే పుణెలో ఉన్న మా అన్నయ్య కొడుక్కి ఫోన్ చేశాను. "అది సగం పేరే బాబాయ్" అన్నాడు. టాప్‌లో ప్రోగ్రాం పేరు 15 అక్షరాల దగ్గరే తెగిపోతుందట, మధ్య గీతలతో కలిపి. అసలు పేరు ట్రాకర్-మైనర్-ఎఫ్ఎస్-3. నడుస్తున్న ప్రోగ్రాంల జాబితా ఇచ్చే పీఎస్ మైనస్ ఈఎఫ్ కొడితే పూర్తి పేరు కనిపించింది. సరేనని దానికీ సుడో పెట్టాను. మళ్లీ లేదంది! "సుడో తీసెయ్ బాబాయ్, రెండు గీతలు పెట్టి యూజర్ అని చేర్చు" అన్నాడు. అప్పుడు ఆగింది.

సంగతేమిటంటే ఇది సిస్టమ్ మొత్తానికి చెందిన సర్వీసు కాదు. నేను లాగిన్ అయితే నా పేరు మీద నడిచే సర్వీసు. సుడోతో అడిగితే సిస్టమ్ చిట్టాలో వెతుకుతుంది, అక్కడ ఇది ఉండదు. కిల్ చేస్తే మళ్లీ ఎందుకు లేస్తోందో కూడా అప్పుడే తెలిసింది: దెబ్బ తిని ఆగిపోతే తిరిగి లేపమని ఆ సర్వీసు ఫైల్‌లోనే రాసి ఉంది. ప్రతిదానికీ ముందు సుడో తగిలించమని సలహాలిచ్చేవాళ్లు ఈ ఒక్క ముక్క ఎందుకు చెప్పరో నాకర్థం కాదు.

స్టాప్ చేసినా ల్యాప్‌టాప్ రీస్టార్ట్ తర్వాత మళ్లీ వచ్చింది. దానంతటది మొదలవకుండా చేసే డిసేబుల్ కూడా చాలదు, ప్రోగ్రాంలు ఒకదాన్నొకటి పిలుచుకునే డీ-బస్ ద్వారా వేరే ప్రోగ్రాం ఏదైనా పిలిస్తే లేచి వస్తుంది. మాస్క్ అని కొట్టాలి. అప్పుడా సర్వీసు పేరు డెవ్ నల్ అనే శూన్యానికి లింకవుతుంది, ఎవరు పిలిచినా పలకదు. కొందరు ప్యాకేజీనే పీకేయమంటారు. వెంట ఇంకేమేం పోతాయో, ప్యాకేజీలు ఎక్కించి తీసేసే ఏపీటీ చూపించే జాబితా చదవకుండా వై నొక్కకండి.

మాస్క్ చేశాక హాయిగానే ఉంది కానీ, మొన్న నా నోట్స్‌లో ఒక వాక్యం వెతికితే దొరకలేదు. ఫైల్ లోపలి మాటలు వెతికిపెట్టేది ట్రాకరే మరి. దాన్ని పూర్తిగా చంపడం తప్పని అప్పుడు తెలిసింది. నిన్న సాయంత్రం స్కాన్‌ల ఫోల్డర్‌లో ట్రాకర్‌ఇగ్నోర్ అనే ఖాళీ ఫైల్ పెట్టాను. పేరుకు ముందు చుక్క ఉండాలి. అదుంటే ఆ ఫోల్డర్‌ని ముట్టుకోదు. తర్వాత అన్‌మాస్క్ చేసి, ట్రాకర్3 రీసెట్‌కు ఫైల్‌సిస్టమ్ ఆప్షన్ చేర్చి పాత డేటాబేస్ తుడిచేసి, మళ్లీ మొదలుపెట్టాను. మన ఫైళ్లు పోవు, అది రాసుకున్న చిట్టా మాత్రమే పోతుంది. ఎంతవరకు వచ్చిందో ట్రాకర్3 స్టేటస్ చెబుతుంది. ఉబుంటు వాడే డెస్క్‌టాప్ అయిన గ్నోమ్‌లో 47వ వెర్షన్ నుంచి దీని పేరు లోకల్‌సెర్చ్‌గా మారింది కాబట్టి కొత్త ఉబుంటు వాడేవాళ్లు ఆ పేరుతో చూడాలి.

పదకొండు దాటాక ఫ్యాన్ ఆగింది. ఆ వాక్యం వెతికాను, వెంటనే దొరికింది. పన్నెండు రోజులుగా ఆగిపోయిన ప్రూఫ్ పేజీ తెరిచి, ఒంటిగంట దాకా దిద్దుకున్నాను.