తక్కువ ఖర్చులో శుక్లం ఆపరేషన్లు: నేత్ర వైద్యుడిగా నా అనుభవం

శిక్షణ పూర్తయ్యేనాటికి నాకు బాగా చేయి తిరిగిన పద్ధతి ఫేకో ఒక్కటే. అల్ట్రాసౌండ్‌తో శుక్లాన్ని పొడిచేసి పీల్చివేసే ఆ పద్ధతికి ఖరీదైన యంత్రం, దాని నిర్వహణ, ఆగని కరెంటు కావాలి. పేదలకు చికిత్స చేసే ఆసుపత్రిలో చేరాక నా దగ్గరికి వచ్చినవారిలో చాలామందికి శుక్లం పూర్తిగా ముదిరి, తెల్లగానో గోధుమరంగులోనో గట్టిపడి ఉండేది. అంత గట్టి శుక్లాన్ని ఫేకోతో పగలగొడితే కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శక భాగం, లోపలి పొర దెబ్బతినే ప్రమాదం ఎక్కువ. అందుకని కుట్టు అవసరం లేని చిన్న కోత పద్ధతిని, మేము ఎస్ఐసీఎస్ అని పిలుచుకునేదాన్ని, మొదటి నుంచి నేర్చుకున్నాను.

అందులో కష్టమంతా సొరంగం దగ్గరే. తెల్లగుడ్డు మీద ఆరు, ఆరున్నర మిల్లీమీటర్ల కోత పెట్టి, పొర మందంలో సగం లోతున బ్లేడును కార్నియాలోకి నడిపించాలి. బ్లేడు అంచు పైనుంచి మసకగా కనబడుతున్నంతసేపూ లోతు సరిగా ఉన్నట్టే. మరీ స్పష్టంగా కనబడితే పైపొర చిరుగుతుంది, అసలే కనబడకపోతే అనుకున్నదానికంటే ముందే కంటి లోపలికి దారి పడుతుంది. సొరంగం కుదిరిందంటే కంటి లోపలి ఒత్తిడే దాన్ని మూసి ఉంచుతుంది. తెల్ల శుక్లంలో దాన్ని కప్పి ఉండే పలుచని పొర విడిగా కనబడదు కాబట్టి ట్రైపాన్ బ్లూ రంగు వేసి, ఆ నీలి పొరను గుండ్రంగా చీల్చి, గట్టి భాగాన్ని బయటికి తీసి లెన్స్ అమర్చుతాం.

లెన్స్ ధర ఒకప్పుడు పెద్ద అడ్డంకి. బ్రిటిష్ నేత్ర వైద్యుడు హెరాల్డ్ రిడ్లీ 1949లోనే కంటిలో కృత్రిమ లెన్స్ అమర్చినా, అది పేదవాడి కంటిదాకా రావడానికి దశాబ్దాలు పట్టింది. డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి 1976లో మదురైలో 11 పడకలతో మొదలుపెట్టిన అరవింద్ కంటి ఆసుపత్రి, 1992లో ఆరోల్యాబ్‌ను నెలకొల్పి సొంతంగా లెన్సులు తయారు చేయించడంతో ఆ ధర బాగా దిగివచ్చింది. అయితే లెన్స్ చవకైనంత మాత్రాన ఆపరేషన్ చవక కాదని నాకు థియేటర్‌లో పనిచేస్తుంటేనే అర్థమైంది. అన్నిటికంటే ఖరీదైనది సర్జన్ ఖాళీగా నిలబడే సమయం. రెండు బల్లలు పక్కపక్కనే వేసి, ఒక రోగికి నేను ఆపరేషన్ చేస్తుండగా రెండో రోగిని నర్సులు సిద్ధం చేసేలా, ఆపరేషన్ కాగానే మైక్రోస్కోపును అటు తిప్పుకునేలా పని మార్చుకున్నాక, నా చేతి వేగం ఏమీ పెరగకుండానే ఆపరేషన్ల సంఖ్య పెరిగింది. అలాగని శుభ్రత విషయంలో తొందర పనికిరాదు. కోతకు ముందు కంట్లో క్రిములను చంపే పోవిడోన్ అయోడిన్ చుక్కలు వేసి ఆగవలసినంతసేపు ఆగి తీరాలి.

ఎక్కువ ఓపిక అవసరమైంది మాత్రం థియేటర్ బయట. "ఒక కన్ను కనబడుతోంది కదా బాబూ, ఈ వయసులో రెండోది ఎందుకు?" అని అడిగినవారు ఎందరో. ఆపరేషన్ ఉచితమన్నా తోడు వచ్చే మనిషికి ఆరోజు కూలి పోతుందని వెనుదిరిగినవారూ ఉన్నారు. వీళ్లను ఒప్పించడం నాకంటే రోగులతో మాట్లాడి ధైర్యం చెప్పే మా కౌన్సెలర్లకే బాగా చేతనైంది. ఇలాంటి పనికి డాక్టర్లు దండగ అని కూడా నా అభిప్రాయం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1998లో పెట్టిన ప్రమాణం ప్రకారం, ఆపరేషన్ అయిన కళ్లలో కనీసం 80 శాతానికి, రోగి దగ్గర ఉన్న అద్దాలతోనే, 6/18 (మామూలు కన్ను 18 మీటర్ల నుంచి చదివే అక్షరాన్ని 6 మీటర్ల నుంచి చదవగలగడం) లేదా అంతకంటే మంచి చూపు ఉండాలి. అద్దాలు సరిచేసి పరీక్షిస్తే 90 శాతానికి ఉండాలి. మా రిజిస్టర్లలో నన్ను కలవరపెట్టింది ఈ రెండు అంకెల మధ్య దూరమే. ఆపరేషన్ బాగానే జరిగి, కన్ను ఆరోగ్యంగా ఉండి కూడా, సరైన అద్దాలు లేక మనిషి మసకగానే చూస్తున్నాడన్నమాట. కంటి పొడవు కొలవడంలో ఒక మిల్లీమీటరు తేడా వస్తే లెన్స్ పవర్ దాదాపు రెండున్నర డయాప్టర్లు (లెన్స్ పవర్‌ను కొలిచే యూనిట్) తప్పుతుంది. అందుకే ఏ-స్కాన్, అంటే కంటికి ప్రోబ్ ఆనించి అల్ట్రాసౌండ్‌తో ఆ పొడవు కొలిచే పరీక్ష, చేసే టెక్నీషియన్లకు ప్రత్యేకంగా శిక్షణ ఇప్పించాం. ప్రోబ్ కార్నియాను నొక్కితే కన్ను పొట్టిగా కొలతకు వస్తుందని వాళ్లకు పదేపదే చూపించాం. ఆరు వారాల తర్వాత జరిగే పరీక్షను ఆసుపత్రి నుంచి రోగి ఊరికి దగ్గర్లోని దృష్టి కేంద్రానికి మార్చి, అద్దాలు అక్కడే ఇచ్చే ఏర్పాటు చేశాం. దాంతో మళ్లీ పరీక్షకు వచ్చేవారు పెరిగారు. రెండో కంటి ఆపరేషన్‌కు చాలామంది పేరు రాయించుకుంటున్నది కూడా ఇప్పుడు అక్కడే.