కొన్న టెంప్లేట్‌ని పక్క షాపుకి పంపొచ్చా?

పెళ్లిళ్ల సీజన్ దగ్గర పడితే చాలు, ఫొటో స్టూడియోల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే అడుగుడు: "అన్నా, ఆ కొత్త ఆల్బమ్ పీఎస్‌డీలు ఉంటే పెట్టవా?" పీఎస్‌డీలంటే ఫొటోలు, పేర్లు మార్చి వాడుకునే ఫొటోషాప్ టెంప్లేట్ ఫైళ్లు. అవతలాయన డ్రైవ్ లింకు పడేస్తాడు. డీటీపీ షాపుల మధ్య శుభలేఖల కోరెల్‌డ్రా ఫైళ్లు, బొటీక్‌ల మధ్య ఎంబ్రాయిడరీ ఫైళ్లు కూడా ఇలాగే చేతులు మారతాయి. ఇచ్చేవాళ్లకీ పుచ్చుకునేవాళ్లకీ తప్పు చేస్తున్నామన్న ఊహ ఉండదు. డబ్బు పెట్టి కొన్నదే కదా!

అసలు చిక్కు ఆ "కొన్నాం" అన్న మాటలోనే ఉంది. పుస్తకం కొంటే చదివి ఇంకొకరికి ఇవ్వొచ్చు, పాత పుస్తకాల షాపులో అమ్మేయొచ్చు. ఇచ్చాక అది మన దగ్గర ఉండదు. ఫైలు పంపితే మనది మన దగ్గరే ఉంటుంది, అవతల ఇంకో కాపీ పుడుతుంది. కాపీలు తీసే హక్కు 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 14 ప్రకారం హక్కుదారుది. ఆర్ట్‌వర్క్‌ని ఎలక్ట్రానిక్‌గా నిల్వ చేయడం కూడా అందులోకే వస్తుందని 2012 సవరణలో స్పష్టంగా చేర్చారు. కాబట్టి పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చినా, గ్రూపులో పెట్టినా లెక్క ఒకటే. మనం డబ్బిచ్చి తెచ్చుకున్నది వాడుకునే అనుమతిని మాత్రమే. ఆ అనుమతి ఎంతవరకు అన్నది అమ్మినవాళ్లు రాసిన లైసెన్స్‌లో ఉంటుంది.

రోజువారీ పనిలో గీత ఎక్కడ పడుతుందో ఆల్బమ్ షీటు చూస్తే తెలుస్తుంది. పీఎస్‌డీ తెరిచి, పెళ్లి ఫొటోలు వాటి గడుల్లో (మాస్కుల్లో) కూర్చి, పేర్లు మార్చి, లేయర్లన్నీ ఒకటిగా కలిపి (ఫ్లాటెన్ చేసి) జేపీజీగా ల్యాబ్‌కి పంపుతాం. ఆ జేపీజీ, ప్రింటయిన ఆల్బమ్ మన పని. కస్టమర్‌కి ఇవ్వొచ్చు, మన పేజీలో శాంపిల్‌గా పెట్టుకోవచ్చు. లేయర్లు విడివిడిగా ఉన్న పీఎస్‌డీ మాత్రం గడప దాటకూడదు. కస్టమర్ "ఫైలు కూడా ఇవ్వండి" అంటే జేపీజీయో పీడీఎఫ్‌ఓ ఇస్తే సరిపోతుంది. ఆల్బమ్ డిజైనింగ్ బయట ఫ్రీలాన్సర్‌తో చేయించే స్టూడియోలు ఇంకొకటి చూసుకోవాలి. మన తరఫున పనిచేసేవాళ్లకి ఫైలు ఇవ్వొచ్చా అన్న వాక్యం లైసెన్స్‌లో ఉందో లేదో వెతకండి. ఉంటే, పని అయ్యాక వాళ్ల సిస్టంలోంచి తీసేయమని రాసి పంపండి. అలా చెప్పకపోతే అదే సెట్ పై నెల పక్క స్టూడియో ఆల్బమ్‌లో తేలుతుంది.

లైసెన్స్ ఎక్కడుంటుంది? జిప్ ఫైల్లో టెక్స్ట్ ఫైలుగానో, అమ్మిన పేజీ అడుగునో ఉంటుంది. ఎంతమంది వాడొచ్చు, ఎంతమంది క్లయింట్లకి వాడొచ్చు, తయారైన దాన్ని అమ్మొచ్చా, ఇంకొకరికి బదిలీ చేయొచ్చా అన్న నాలుగూ అందులో చూడండి. రెండోదాన్ని చాలామంది దాటేస్తారు. ఉదాహరణకి టెంప్లేట్లు అమ్మే ఎన్వాటో మార్కెట్ సైట్‌లో రెగ్యులర్ లైసెన్స్ ఒక్క ఎండ్ ప్రొడక్ట్‌కే (తయారైన ఒక్క పనికే), అంటే మన సొంతానికో ఒక్క క్లయింటుకో. ఆ లెక్కన ఒక శుభలేఖ టెంప్లేట్ కొని ఇరవై కుటుంబాలకి ప్రింట్ చేస్తే, ఎవరికీ పంపకపోయినా అనుమతి దాటినట్టే. లైసెన్స్ ఊసే లేకుండా అమ్మేవాళ్ల దగ్గర కొన్నప్పుడు, రాసి లేదు కాబట్టి ఏదైనా చేసుకోవచ్చు అనుకోవద్దు. మెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. బిల్లూ, లైసెన్స్ పేజీ పీడీఎఫ్ కొన్న రోజే టెంప్లేట్ ఉన్న ఫోల్డర్లోనే పెట్టుకోవాలి. ఆ పేజీలు మారిపోతుంటాయి.

హార్డ్‌డిస్క్ నిండా వేల పీఎస్‌డీలు చవగ్గా ఇస్తామనేవాళ్ల సంగతి సూటిగా చెప్పాలి. అమ్మేవాడికే హక్కు లేనప్పుడు, బిల్లిచ్చినా మనకి హక్కు రాదు. తెలిసి కాపీరైట్ ఉల్లంఘిస్తే సెక్షన్ 63 కింద 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. వ్యాపార లాభం కోసం చేయలేదని తేలితే కోర్టు తగ్గించొచ్చు. షాపులో వాడుకుంటూ ఆ మాట చెప్పడం కష్టం. ఈ నేరం కాగ్నిజబుల్, నాన్ బెయిలబుల్ అని 2022 మేలో నిట్ ప్రో కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే పోలీసులు నేరుగా కేసు కట్టొచ్చు, బెయిలు హక్కుగా రాదు.

ఆన్‌లైన్లో డిజైన్లు చేసుకునే కాన్వాలో ఇబ్బంది వేరేగా వస్తుంది. అక్కడ ఎడిట్ లింకు, టెంప్లేట్ లింకు రెండూ వేర్వేరు. ఎడిట్ లింకు పంపితే అవతలివాళ్లు తెరిచేది మన ఒరిజినల్‌నే. వాళ్ల ఫోన్ నంబరు వేసుకుంటే మన పోస్టర్లో మన నంబరు పోతుంది. టెంప్లేట్ లింకు అయితే వాళ్ల అకౌంట్లో విడి కాపీ వస్తుంది. అమ్మినవాళ్లు మనకిచ్చిన ఆ లింకునే ముందుకు పంపడం కూడా కొత్త కాపీలు పంచడమే. పైగా అందులో ప్రో (డబ్బు కట్టే ప్లాన్) బొమ్మలుంటే, ప్రో లేనివాళ్లకి వాటర్‌మార్కుతో కనబడతాయి. "నాకు గీతలొస్తున్నాయి అక్కా" అని మెసేజ్ వచ్చేది అందుకే.

ఫాంట్ల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. పీఎస్‌డీ తెరవగానే "మిస్సింగ్ ఫాంట్స్" అని వస్తే, పంపినవాళ్లు ఫాంట్ల ఫోల్డర్ కూడా జిప్ చేసి పంపేస్తారు. ఫాంట్‌కి వేరే యజమాని, వేరే లైసెన్స్ ఉంటాయి. ఒక తప్పు కాస్తా రెండవుతుంది. దీనికి మంచి దారి ఉంది. గూగుల్ ఫాంట్స్‌లోని మండలి, రామభద్ర, ఎన్‌టీఆర్, సురన్న, గిడుగు, ధూర్జటి, పెద్దన, అనెక్ తెలుగు, నోటో సాన్స్ తెలుగు లాంటివి ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉన్నాయి. షాపు పనికి వాడొచ్చు, లైసెన్స్ ఫైలుతో కలిపి పక్కవాళ్లకి ఇవ్వొచ్చు. ఫాంట్‌ని విడిగా అమ్మడానికే వీల్లేదు. ఇవి యూనికోడ్ కాబట్టి ఫొటోషాప్‌లో వత్తులు విడిపోయి కనిపిస్తే ఫాంట్‌ని తిట్టకండి. ప్రిఫరెన్సెస్‌లో టైప్ కింద వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకుని (పాత వెర్షన్లలో మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్) కొత్త ఫైలు తెరవండి.

జీఎస్టీ బిల్లు ఎక్సెల్ షీటు గురించి భయపడేవాళ్లూ ఉన్నారు. బిల్లులో ఏమేం ఉండాలో సీజీఎస్టీ రూల్ 46 చెబుతుంది, ఆ గడుల మీద ఎవరికీ హక్కు లేదు. కొన్న ఫైలు పంచకుండా, అరగంట కూర్చుని సొంతంగా గీసుకుని అందరికీ ఇచ్చుకోవచ్చు.

కంప్యూటర్ ఎంబ్రాయిడరీలో లెక్క కొంచెం మారుతుంది. డిజైన్స్ చట్టం 2000 కింద రిజిస్టర్ చేయదగ్గ డిజైన్‌ని రిజిస్టర్ చేయకుండా, దాన్ని వేసిన వస్తువులు యంత్రాల మీద 50కి మించి తయారైతే, కాపీరైట్ చట్టం సెక్షన్ 15 ప్రకారం అందులో కాపీరైట్ పోతుంది. అయితే ఆ లెక్కలోకి హక్కుదారు చేసినవి, వాళ్ల అనుమతితో చేసినవే వస్తాయి. గ్రూపులో దొరికిన ఫైలుతో 51 జాకెట్లు కుట్టేసి కాపీరైట్ పోయిందనడం కుదరదు. పనిపరంగా కూడా అలా దొరికిన డీఎస్‌టీ (ఎంబ్రాయిడరీ మెషీన్ చదివే) ఫైలు నమ్మకమైంది కాదు. అందులో ఉండేవి కుట్ల కదలికలే. డిజైన్ జాకెట్ చేతికి పెద్దదిగా ఉందని మెషీన్‌లోనే బాగా తగ్గిస్తే, కుట్ల సంఖ్య అంతే ఉండి చోటు తగ్గుతుంది. దారం తెగుతుంది, పట్టు బట్ట ముడుచుకుపోతుంది. ఎడిట్ చేయదగిన ఈఎంబీ ఫైలు కొన్నవాళ్ల దగ్గరే ఉండిపోతుంది.

మరి నలుగురు కలిసి వాడుకోవాలంటే? ముందు అమ్మినవాళ్లనే అడగండి. ఇంత రాస్తే చాలు: "నమస్తే అండీ. మీ దగ్గర ఆల్బమ్ సెట్ కొన్నాం. మా ఊళ్లో నాలుగు స్టూడియోల వాళ్లం వాడుకోవాలనుకుంటున్నాం. ఒక్కో షాపుకి ఎంత తీసుకుంటారు? షాపుల పేర్లు రాసి, వాడుకోవచ్చని మెయిల్ పెట్టగలరా?" లైసెన్స్ రాతపూర్వకంగా ఉండాలని సెక్షన్ 30 చెబుతుంది. అందుకే ఫోన్లో "వాడుకోండి బాబూ" అన్న మాటతో ఆగకండి.

రెండో దారి, అందరూ చందా వేసుకుని డిజైనర్‌తో కొత్తగా చేయించుకోవడం. నాకు ఇదే మేలనిపిస్తుంది, మన ప్రాంతం పెళ్లి తంతుకి తగ్గట్టు చేయించుకోవచ్చు కూడా. కానీ డబ్బు కట్టినంత మాత్రాన ఫ్రీలాన్సర్ హక్కు మనకి రాదు. సెక్షన్ 19 ప్రకారం హక్కు బదిలీ కాగితం మీద ఉండి, డిజైనర్ సంతకం చేయాలి. ఏయే ఫైళ్లు, ఏయే హక్కులు, ఎంత మొత్తం, ఎన్నేళ్లు, ఎక్కడెక్కడ అన్నవి రాయండి. కాలం రాయకపోతే 5 ఏళ్లే అనుకుంటారు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. అమెరికాలో ఉన్న పెళ్లివారికి డిజైన్ అమ్మేవాళ్లకి ఇది ముఖ్యం. ఇచ్చిన హక్కుని ఏడాదిలోగా వాడకపోతే, కాగితంలో వేరేలా లేకుంటే, ఆ హక్కు జారిపోతుంది. చందా వేసినవాళ్లలో ఎవరైనా షాపు మూసేస్తే, ఆ వాటా మిగతావాళ్లకి వస్తుందా, షాపు కొన్నవాళ్లకి పోతుందా అన్నది కూడా అదే కాగితంలో ఒక వాక్యం రాసి అందరూ సంతకాలు పెట్టండి.