అక్క పెళ్ళి క్యాసెట్ కంప్యూటర్‌లోకి ఎక్కేసరికి నాలుగు నెలలు పట్టింది

అక్క పెళ్ళి 1996లో, అమలాపురంలో. వీడియో తీసింది మా బాబాయే. అప్పట్లో పానాసోనిక్ ఎం9000 భుజానేసుకుని, వెనకాల లైటు పట్టుకునే కుర్రాడితో కోనసీమ పెళ్ళిళ్ళన్నీ తిరిగేవాడు. పోయినేడు అక్క కూతురికి సంబంధం కుదిరింది. తన పెళ్ళి వీడియో ఫోన్‌లోకి ఎక్కించి పెట్టమని అక్క నాకు పురమాయించింది. ఎంతసేపు పని అనుకున్నాను.

హైదరాబాద్‌లో ఒక షాపులో క్యాసెట్ ఇస్తే వారానికి పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టారు. తెరిచి చూస్తే బావ మొహం పూరీలా ఉబ్బిపోయి ఉంది. పాత టీవీల 4:3 బొమ్మను సాగదీసి వెడల్పు తెరల 16:9 చేసేశారు. ఎవరు చెయ్యి ఊపినా అంచుల్లో దువ్వెన పళ్ళలాంటి గీతలు. మూడు గంటల పెళ్ళిని 700 ఎంబీలో కుక్కేశారు. అడిగితే, పాత క్యాసెట్ అంతే సార్ అన్నారు.

బాబాయికి ఫోన్ చేశాను. మొత్తం విని, "నువ్విచ్చింది ఎడిటింగ్ కాపీరా. కెమెరాతో తీసిన అసలు క్యాసెట్లు, మాస్టర్లు మూడూ మన అటక మీదే ఉన్నాయి" అన్నాడు.

ఆ రోజుల్లో ఎడిటింగ్ అంటే రెండు వీసీఆర్లు, మధ్యలో ఒక మిక్సరు. ఒకదాంట్లో ప్లే నొక్కి, రెండోదాంట్లో రికార్డ్ నొక్కడమే. కాపీ తీసిన ప్రతిసారీ బొమ్మ ఒక మెట్టు దిగుతుంది. వీహెచ్‌ఎస్ అనే ఈ పెద్ద క్యాసెట్లలో అడ్డంగా కనిపించే వివరమే దాదాపు 240 గీతలు, అందులోంచి మళ్ళీ తరుగు. పైగా జీలకర్ర బెల్లం పెడుతుంటే లవ్ సింబల్ ముడుచుకుని అందులోంచి తలంబ్రాలు రావడం, అసలు మాటలన్నీ తీసేసి సినిమా పాటలు పెట్టడం. ఆ పాటలే అప్పట్లో గొప్ప. పాటలు తక్కువ పడితే డబ్బులు తగ్గించేవారట.

తర్వాత బాబాయి మినీ డీవీ అనే చిన్న డిజిటల్ టేపులకి మారాడు, సోనీ పీడీ170 కొన్నాడు. ఆ టేపులైతే నాకింత బాధ ఉండేది కాదు. అందులో ఉన్నవి అంకెలే కాబట్టి ఫైర్‌వైర్ వైరు పెడితే గంటకు 13 జీబీ చొప్పున ఉన్నది ఉన్నట్టు దిగిపోతుంది. కానీ మనది వీహెచ్‌ఎస్.

మాస్టర్లు వచ్చాయి. ఇప్పుడు వీసీఆర్ కావాలి. కొత్తది దొరకదు. చివరిదాకా తయారు చేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016 జూలైలో ఆపేసింది. పాత సామాన్లలో ఒకటి దొరికింది గానీ, టేపును లాగే రబ్బరు రోలరు గట్టిపడిపోయి ఉంది. కోఠి గుజరాతీ గల్లీలో వాకబు చేసి ఒక పెద్దాయన్ని పట్టుకున్నాను. మూత విప్పి, లోపల ఎండిపోయిన గ్రీజు గోకుతూ, "ఇంకా ఎవరికి కావాలి బాబూ ఇది?" అని నవ్వాడు. అయినా రెండు రోజుల్లో నడిపించి ఇచ్చాడు.

క్యాసెట్ లోపలికి తోయబోతుంటే వీడియో కాల్‌లో బాబాయి ఒక్క అరుపు అరిచాడు. "క్యాసెట్ కిటికీలోంచి చూడరా ముందు!" టేపు చుట్టల మీద బియ్యప్పిండి చల్లినట్టు తెల్లగా బూజు. అటక మీద అన్ని వానాకాలాలు గడిపింది మరి. వీసీఆర్‌లో టేపు మీది బొమ్మను చదివే హెడ్ డ్రమ్ము సెకనుకు 25 సార్లు తిరుగుతుంది. ఆ బూజు హెడ్డుకు పట్టిందంటే బొమ్మ రాదు, తర్వాత పెట్టే క్యాసెట్లకూ అంటుకుంటుంది.

ముక్కుకు మాస్కు కట్టుకుని బాల్కనీలో కూర్చున్నాను. అయిదు స్క్రూలు విప్పి, పొడి మెత్తటి గుడ్డను టేపుకు రెండు వైపులా ఆనించి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ తుడవడమే. మూడు గంటల క్యాసెట్‌లో టేపు దాదాపు 258 మీటర్లు. గట్టిగా లాగితే సాగుతుంది, వదులుగా వదిలితే మడత పడుతుంది. ఒక్కో క్యాసెట్‌కి ఒక ఆదివారం పోయింది. ఈ నాలుగు నెలల్లో నాకు నచ్చిన పని మాత్రం అదే, ఎందుకో.

ఎక్కించేటప్పుడు ఇంకో తలనొప్పి. మండపం స్తంభాలు వంకర్లు తిరుగుతూ ఊగుతున్నాయి. టేపు మోటారుతో నడిచే వ్యవహారం కనుక బొమ్మలోని ఒక్కో గీత మొదలయ్యే క్షణం రవ్వంత అటూ ఇటూ అవుతుంది. పాత డబ్బా టీవీలు దానికి సర్దుకునేవి. కంప్యూటర్‌కి పెట్టిన క్యాప్చర్ పెట్టె సర్దుకోదు. టీవీ స్టేషన్లలో దీన్ని సరిచేయడానికే టీబీసీ అనే మిషన్ ఉండేది. నా స్తోమతకు తగ్గ దారి, మధ్యలో ఒక పాత పానాసోనిక్ డీవీడీ రికార్డరు పెట్టడం. బొమ్మ దాని గుండా వెళ్ళి బయటికొస్తే స్తంభాలు నిలబడ్డాయి.

దువ్వెన పళ్ళ సంగతి కూడా తేలింది. పాల్ అనే మన టీవీ పద్ధతిలో కెమెరా సెకనుకు 50 సార్లు సగం సగం బొమ్మ తీస్తుంది, ఒకసారి బేసి గీతలు, ఒకసారి సరి గీతలు. ఆ రెండు సగాల మధ్య చెయ్యి కదిలిపోతుంది. షాపువాళ్ళు రెంటినీ ఒకే బొమ్మగా అతికేశారు. నేను విడదీసి సెకనుకు 50 బొమ్మలు చేశాను. పక్కల నల్ల పట్టీలు అలాగే ఉంచాను. ఫోన్ నిండకపోతే కొంపేం మునగదు.

రెండో మాస్టర్ గంటా పది నిమిషాల దగ్గర నాన్నమ్మ గొంతు వినిపించింది. ఆమె పోయి పద్దెనిమిదేళ్ళు. "ఆ లైటు పక్కకి తిప్పరా, పిల్ల కళ్ళు మండిపోతున్నాయి!" వెంటనే కెమెరా వెనక నుంచి బాబాయి: "అమ్మా, మాట్లాడకే, రికార్డవుతోంది."

ఆ ముక్క కత్తిరించి బాబాయికి పంపాను. చాలాసేపటికి ఫోన్ చేశాడు.

"అక్కడ పాట పెట్టింది నేనేరా."

మూడో క్యాసెట్ ఇంకా బల్ల మీదే ఉంది. దానికి బూజు మరీ ఎక్కువ.