అన్నానికి వస్తావా?

సాయంత్రం నాలుగింటికి ఫోన్‌లో ఒక ప్రశ్న వస్తుంది: "హుయ్‌లాయ్ ఛర్‌ఫాన్ మా?" అన్నానికి ఇంటికొస్తావా అని. కాలేజీ ముగించి, కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్‌లోనో కూపర్టినోలోనో మళ్ళీ అమ్మానాన్నల దగ్గరికి చేరిన చైనీస్ కుర్రవాడు ఆ రోజు మరిచిపోకూడనిది ఈ ప్రశ్నకి జవాబు. దాన్నిబట్టే అమ్మ బియ్యం కడుగుతుంది. ఆరింటికి "రావట్లేదు" అంటే కుక్కర్ అప్పటికే ఎక్కేసి ఉంటుంది. ఎక్కడికి, ఎవరితో, ఎప్పుడొస్తావు అనే ప్రశ్నలకి పిల్లలు విసుక్కుంటారు గానీ, వాటిలో చాలా వాటి వెనక ఉన్నది ఈ బియ్యం లెక్కే. అడగకముందే, మూడున్నరకి "రాత్రికి తింటాను, ఏడింటికి ఇంట్లో ఉంటాను" అని వీచాట్‌లో, అంటే చైనీయుల వాట్సాప్ లాంటి యాప్‌లో, పెడితే తక్కిన ప్రశ్నలు బాగా తగ్గిపోతాయి.

ఈ ఇళ్ళ గురించి తెలుగువాళ్ళు తెలుసుకోవడానికి ఒక కారణం ఉంది. 1980లలో చదువుకోవడానికి అమెరికా వచ్చిన చైనా విద్యార్థులు, బీజింగ్‌లో విద్యార్థుల నిరసనని సైన్యం అణచివేసిన 1989 తియానన్‌మెన్ ఘటన తర్వాత, 1992లో వచ్చిన ప్రత్యేక చట్టంతో వేల సంఖ్యలో గ్రీన్‌కార్డులు పొంది స్థిరపడ్డారు. వాళ్ళకిప్పుడు అరవై దాటింది. మన ఐటీ వలస చాలావరకు ఆ తర్వాతది. పక్కింటి చైనీస్ అమ్మాయి ఇరవైనాలుగేళ్ళకి చిన్నప్పటి గదిలోకి తిరిగొచ్చేసరికి మన పిల్లలు ఇంకా బడిలో ఉన్నారు. ఆ ఇంట్లో ఇవాళ తడబడుతున్నవే పదేళ్ళ తర్వాత మన ఇంటికీ వస్తాయి. పిల్లలు ఇంటికి తిరిగి రావడమూ అరుదు కాదు. ప్యూ రిసెర్చ్ లెక్క ప్రకారం 2020 జూలైలో అమెరికాలో 18 నుంచి 29 ఏళ్ళవాళ్ళలో 52 శాతం తల్లిదండ్రుల దగ్గరే ఉన్నారు.

ముందు వంటిల్లు. తిరిగొచ్చిన మొదటి వారంలో పిల్లలు చేసే తప్పులు దాదాపు అన్నిళ్ళలోనూ ఒకటే. డిష్‌వాషర్‌ని ఆన్ చేస్తారు. చాలా చైనీస్ ఇళ్ళలో అది గిన్నెలు ఆరబెట్టే అర మాత్రమే. చేత్తో కడిగిన కంచాలూ, ప్లాస్టిక్ డబ్బాలూ, లక్క పూసిన చాప్‌స్టిక్‌లూ అందులో నిలబెట్టి ఉంటాయి. ఆ వేడికి డబ్బాలు వంగిపోతాయి, చాప్‌స్టిక్‌ల పూత లేచిపోతుంది. ఇంకా పెద్ద తప్పు, వోక్‌ని, అంటే లోతైన ఇనుప మూకుడుని, అందులో వేయడం. ఏళ్ళ తరబడి నూనె పట్టి నల్లబడిన పూత పోయి, ఒక్క రాత్రిలో తుప్పు పడుతుంది. దోసె పెనం ఉన్న ఇంట్లో ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు. వేడినీళ్ళు, వెదురు కుంచె, తర్వాత పొయ్యి మీద ఆరబెట్టి గుడ్డతో చుక్క నూనె, అంతే.

బియ్యం దగ్గర పొరపాటు ఇంకా సన్నది. రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు 180 మిల్లీలీటర్లు, అమెరికా కప్పు సుమారు 240. అసలు కప్పు పోయి, అమెరికా కప్పుతో మూడు కప్పులు కొలిచి, లోపలి గిన్నె మీద మూడో గీత దాకా నీళ్ళు పోస్తే నీళ్ళు చాలవు, అన్నం పలుకుగా ఉంటుంది. ఆ గీతలు చిన్న కప్పు కోసం గీసినవి. అమ్మ కప్పూ చూడదు, గీతా చూడదు. వేలి మొన బియ్యానికి ఆనించి, మొదటి కణుపు దాకా నీళ్ళు పోస్తుంది. నేర్చుకునే కుర్రవాళ్ళకి మాత్రం కప్పుతోనే మొదలుపెట్టడం మేలు.

దక్షిణ చైనాలోని కాంటన్ వైపు కుటుంబాల్లో సూపు వారానికి రెండు మూడుసార్లు కాగుతుంది. దాన్ని పిల్లల చేతికి అప్పగించడమంటే ఇంట్లో పెద్ద నమ్మకమే. నలుగురికి కిలో పంది ఎముకలు. చన్నీళ్ళలో వేసి మరిగించి, ఐదు నిమిషాలు తెట్టు పైకి రానిచ్చి, ఆ నీళ్ళు పారబోసి ఎముకలు కడగాలి. తర్వాత రెండున్నర లీటర్ల కొత్త నీళ్ళు, ఒక తామర దుంప, రెండు క్యారెట్లు, గింజలు తీసిన ఆరు ఎర్ర ఖర్జూరాలు (నిజానికి ఎండబెట్టిన చైనా రేగుపళ్ళు), నాలుగు అల్లం ముక్కలు. సన్నటి సెగ మీద రెండున్నర గంటలు. గోజీ పళ్ళు ఆఖరి పది నిమిషాల్లో, ఉప్పు దించేముందు. నీళ్ళు తగ్గితే వేడినీళ్ళే పోయాలంటారు, చన్నీళ్ళు పోస్తే రుచి చెడుతుందని. మొదటి తెట్టు నీళ్ళు పారబోయని సూపు నీచు వాసన వేస్తుంది. 99 రాంచ్ అనే ఆసియా సరుకుల దుకాణంలో ఇవన్నీ ఒకేచోట దొరుకుతాయి.

ఎర్ర ఖర్జూరం గింజ ఎందుకు తీయాలి? వేడి చేస్తుందని. ఇక్కడ తెలుగు ఇంటి పిల్లలకి చైనీస్ స్నేహితులకంటే తొందరగా అర్థమయ్యే సంగతి ఒకటుంది. "షాంగ్ హువో" అంటే అచ్చంగా మన "వేడి చేసింది". లిచీలు, దురియన్, వేపుళ్ళు వేడి. పెసల జావ, పుచ్చకాయ, దోసకాయ చలవ. నోట్లో పుండ్లు లేచినా, గొంతు మండినా, మొటిమలు వచ్చినా పెసలు ఉడకబెట్టి తాగిస్తారు. అమెరికాలో పెరిగిన పిల్లలు ఈ మాటని ఇంగ్లీషులో చెప్పబోయి "ఇన్‌ఫ్లమేషన్" అనేస్తారు. దాంతో డాక్టరు గదిలో గందరగోళం మొదలవుతుంది. అమ్మ ఒంట్లో వేడిగా ఉందంటే జ్వరం కాకపోవచ్చు. అమ్మ ఏమందో ఆ మాటే చెప్పి, పక్కన లక్షణాలు చెప్పాలి: ఎక్కడ నొప్పి, ఎన్నాళ్ళుగా, ఏం తిన్న తర్వాత.

ఇక కాగితాలు. ఇంటికి తిరిగొచ్చిన పిల్లల అసలు ఉద్యోగం ఇదే, దీని గురించే ఎక్కువ చెప్పాలి. బల్ల మీద మూడు నెలల ఉత్తరాలు పోగుపడి ఉంటాయి. అమ్మకి ఇంగ్లీషు రాకపోవడం ఒక్కటే కారణం కాదు. పిల్లవాడి చైనీస్ కూడా వంటింటి దగ్గరే ఆగిపోయి ఉంటుంది. కొత్తిమీరకి మాట తెలుసు, "డిడక్టిబుల్"కి (బీమా ఇచ్చేముందు మనం కట్టాల్సిన వాటాకి) తెలియదు. శనివారం చైనీస్ బడిలో అక్షరాలూ పద్యాలూ నేర్పారు, బీమా ఉత్తరం ఎవరూ నేర్పలేదు. అమెరికాలో మన వారాంతపు తెలుగు బడి "మనబడి"లో చదివే పిల్లల పరిస్థితీ ఇదే, అది బడి తప్పు కూడా కాదు. పన్నెండేళ్ళు దాటిన పిల్లతో వారానికి ఒక అసలు ఉత్తరం, కరెంటు బిల్లో బ్యాంకు స్టేట్‌మెంటో, ఇంటి భాషలో చదివించడం తల్లిదండ్రులే చేయాలి. పదిహేను నిమిషాల పని.

అంకెల్లో పడే తప్పులు ఖరీదైనవి. చైనీస్‌లో లెక్క పదివేలతో మారుతుంది. దాన్ని "వాన్" అంటారు. "షర్ వాన్" అంటే పది పదివేలు, అంటే మన లక్ష. "బై వాన్" పది లక్షలు, "యీ" పది కోట్లు. వేలకీ మిలియన్లకీ అలవాటుపడ్డ పిల్లలు ఒక సున్నా జారవిడుస్తారు. లక్షల్లో ఆలోచించే తెలుగువాళ్ళకి ఇది క్షణంలో పట్టుబడుతుంది. డబ్బు సంగతి ఏదైనా నోటితో చెప్పకుండా అంకెల్లో రాసి చూపించాలి.

చైనా నుంచి తెచ్చుకున్న రక్తపరీక్షల కాగితాలు ఇంకో ఉచ్చు. అక్కడ చక్కెరని మిల్లీమోల్స్‌లో రాస్తారు, అమెరికాలోనూ మన దగ్గరా మిల్లీగ్రాముల్లో. 18తో గుణించాలి: పరగడుపున 7.0 అంటే 126, అంటే మధుమేహం హద్దు. "ఏడే కదా" అనుకుని ఊరుకుంటే మోసపోతారు. కొలెస్ట్రాల్‌కైతే 38.7తో గుణించాలి, అక్కడి 5.2 ఇక్కడ సుమారు 200. క్రియాటినిన్‌ని 88.4తో భాగించాలి. ఈ మూడు లెక్కలూ ఒక కాగితం మీద రాసి మందుల డబ్బా మూతకి అంటించుకోవడం మంచిది.

పేర్ల సంగతి మనకి బాగా తెలిసిన తలనొప్పే. చైనీస్ పేరులోనూ ఇంటిపేరే ముందొస్తుంది, పెళ్ళయ్యాక ఆడవాళ్ళ ఇంటిపేరు మారదు. సొంత పేరులో రెండు అక్షరాలుంటే ఒక ఆఫీసు రెండూ కలిపి రాస్తుంది, ఇంకోటి రెండోదాన్ని మిడిల్ నేమ్ చేస్తుంది. ఆసుపత్రిలో ఒక పేరు, బీమాలో ఒక పేరు పడితే క్లెయిమ్ తిరిగొచ్చేస్తుంది. పాస్‌పోర్టులో ఎలా ఉందో, ఎక్కడ ఖాళీ ఉందో అలాగే అన్నిచోట్లా రాయించాలి.

డాక్టరు దగ్గర పిల్లలు దుబాసీ పని చేయకూడదు. ఈ మాట గట్టిగానే చెప్పాలి. కేంద్ర ప్రభుత్వ నిధులు అందుకునే ఆసుపత్రులు దుబాసీని ఉచితంగా ఇవ్వాలి, ఇది చట్టం. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగాలి. "చైనీస్" అని ఊరుకుంటే మాండరిన్ మనిషి వస్తాడు. దక్షిణ చైనాలోని తైషాన్ యాస మాట్లాడే బామ్మకి అతని మాట సగమే అర్థమవుతుంది. మాండరిన్, కాంటనీస్, తైషానీస్, ఫుజౌ భాష, ఏది కావాలో పేరుతో చెప్పాలి. (మన పెద్దవాళ్ళకి కూడా "ఇండియన్" అని రాయించి హిందీ మనిషిని తెచ్చుకోకండి, "తెలుగు" అని చెప్పండి.) పిల్లలు చెప్పకూడదనడానికి ఇంకా బరువైన కారణం ఉంది. క్యాన్సర్ లాంటి మాట వస్తే, పెద్దాయనకి చెప్పొద్దని కుటుంబం అడగడం చైనీస్ ఇళ్ళలో చాలా ఉంది. ఆ మాటని మింగే పని ఇరవైమూడేళ్ళ మనవరాలి మీద పడుతుంది. పరీక్షలకి ముందే డాక్టరు చేత తాతగారినే అడిగించాలి: ఫలితాలు మీకు చెప్పమంటారా, ఇంకెవరికైనా చెప్పమంటారా అని. ఆయన "అబ్బాయికి చెప్పండి" అంటే అది ఆయన నిర్ణయం.

వైద్యం విషయంలో తన తరఫున ఎవరు మాట్లాడాలో రాసిపెట్టే పత్రం ఇంకో చిక్కు. చావు మాట ఎత్తడమే అపశకునంగా తోచే ఇంట్లో అమ్మ ముందు ఆ కాగితం పెట్టలేం. పని చేసే దారి ఇది: ముందు పిల్లవాడే తనది పూర్తి చేయాలి. "పద్దెనిమిది దాటాక నాకేమైనా అయితే డాక్టర్లు మీతో మాట్లాడకపోవచ్చు, ఇందులో మీ పేరు రాశాను" అని చూపించాలి. కాలిఫోర్నియాలో ఇద్దరు సాక్షుల సంతకం చాలు, లేదా నోటరీ. పిల్లవాడిది నింపాక ఖాళీ ఫారం ఒకటి బల్ల మీద వదిలేస్తే చాలాసార్లు అమ్మే అడుగుతుంది.

పెద్దవాళ్ళకి అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికేర్‌కి గడువులున్నాయి. అరవైఐదో పుట్టినరోజు నెల, దానికి ముందు మూడు నెలలు, తర్వాత మూడు, మొత్తం ఏడు నెలల్లో నమోదు కావాలి. అమ్మకో నాన్నకో ఇంకా నడుస్తున్న ఉద్యోగం తాలూకు బీమా లేకుండా ఆలస్యం చేస్తే, పార్ట్ బీ (డాక్టరు ఖర్చుల భాగం) మీద ప్రతి పన్నెండు నెలలకీ 10 శాతం చొప్పున జరిమానా పడుతుంది, అది సాధారణంగా జన్మంతా ఉంటుంది. ఏ ప్రీమియమూ లేకుండా పార్ట్ ఏ (ఆసుపత్రి ఖర్చుల భాగం) రావాలంటే పన్ను కట్టిన ఉద్యోగం పదేళ్ళు ఉండాలి, తనదో భార్యదో భర్తదో. తర్వాత పిలిపించుకున్న తాతయ్య, బామ్మలకి ఆ పదేళ్ళు ఉండవు. గ్రీన్‌కార్డుతో వరసగా ఐదేళ్ళు ఇక్కడే ఉన్నాక డబ్బు కట్టి చేరవచ్చు.

ఫోన్ గురించి ఒక్క మాట. చైనా కాన్సులేట్ నుంచి అంటూ, మీ పేరున పార్సిల్ ఉందంటూ మాండరిన్‌లో వచ్చే కాల్స్ గురించి అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2018లోనే హెచ్చరించింది. ఫోన్ పెట్టేసి పిల్లలకి చెప్పాలి అన్న ఒక్క నియమం ఇంట్లో ఉంటే చాలు.

డబ్బు దగ్గర అద్దె ఇస్తానంటే అమ్మానాన్నలు నొచ్చుకుంటారు. చేతికిచ్చిన నోట్లు మళ్ళీ పిల్లల సూట్‌కేసులో తేలతాయి. బిల్లు తీసుకోవడం సులువు. ఫోన్ ప్లాను, ఇంటర్నెట్, ఇంటి పన్నులో ఒక వాయిదా. కాలిఫోర్నియాలో ఇంటి పన్ను డిసెంబరు 10 లోపు ఒకటి, ఏప్రిల్ 10 లోపు రెండోది కట్టాలి. ఇంటి స్థలానికి ఇచ్చే పార్సిల్ నంబరు ఉంటే ఆన్‌లైన్‌లో ఎవరైనా కట్టవచ్చు. కట్టిన రసీదు వీచాట్ గ్రూపులో పెట్టకుండా ఫైలులో పెట్టాలి. గ్రూపులో పెడితే పిన్నులూ బాబాయిల ముందు లెక్కలు చెప్పినట్టవుతుంది.

కాదనకుండా తీసుకునేది చైనీస్ కొత్త సంవత్సరంనాటి డబ్బు పెట్టిన ఎర్ర కవరు, హాంగ్‌బావ్. పెళ్ళికానివాళ్ళు పాతికేళ్ళ వయసులోనూ కవరు పుచ్చుకుంటారు. సంపాదన మొదలయ్యాక అమ్మానాన్నలకీ తాతలకీ ఇవ్వడం మర్యాద. ఇక్కడ మన అలవాటు తలకిందులవుతుంది. మనం నూటపదహార్లు అంటాం, వాళ్ళకి శుభానికి సరిసంఖ్య కావాలి, బేసి అంకెలు అశుభాలకి. నాలుగు ఎక్కడా రాకూడదు, ఆ మాట చావు అన్న మాటలా వినిపిస్తుంది. కొత్త నోట్లే పెట్టాలి, బ్యాంకులో వారం ముందు అడగాలి. రెండు చేతులతో ఇవ్వాలి, తీసుకున్నవాళ్ళు ఇచ్చినవాళ్ళ ఎదుట విప్పరు. చైనీస్ స్నేహితుడి ఇంటికి తెలుగు పిల్ల వెళ్తే 101 పెట్టిన కవరు కాకుండా ఒక పెట్టె కమలాపళ్ళు తీసుకెళ్ళడం క్షేమం.

తాత, బామ్మల్ని పిలిచే తీరు మాత్రం మన పిల్లలకి ఇట్టే వస్తుంది. అమ్మమ్మ "వాయ్‌పో", నాయనమ్మ "నైనై", అన్న "గగ", తమ్ముడు "దీదీ", అక్క "జ్యేజ్యే", చెల్లి "మేమే". ఇంగ్లీషులో ఒక్క మాటతో సరిపెట్టేవాటికి రెండు భాషల్లోనూ వేరువేరు పేర్లున్నాయి. భోజనానికి కూర్చోగానే పెద్దవాళ్ళని పేరుపేరునా వరసతో పిలిచి "తినండి" అని, వాళ్ళు చాప్‌స్టిక్ ఎత్తాకే మొదలుపెట్టడం చాలా ఇళ్ళలో ఇంకా ఉంది. చాప్‌స్టిక్‌లని అన్నంలో నిలువుగా గుచ్చకూడదు, చనిపోయినవాళ్ళ ముందు పెట్టే అగరొత్తుల్లా కనిపిస్తాయి.

ఆఖరుది అమ్మ పుట్టినరోజు. ఆ తరంలో చాలామందికి ఇంట్లో జరిపేది చాంద్రమానం తేదీ, మన తిథుల్లాగే ఏటా మారుతుంది. పాస్‌పోర్టులో ఉన్నది అదే అంకెలతో మామూలు క్యాలెండరు తేదీ అయినా కావచ్చు. ప్రభుత్వ కాగితాల మీద ఎప్పుడూ పాస్‌పోర్టు తేదీయే రాయాలి, "అసలు తేదీ ఇది" అని ఒకచోట దిద్దితే అన్నీ తప్పుతాయి. ఇంటి తేదీ కోసం ఐఫోన్ క్యాలెండర్ సెట్టింగ్స్‌లో ప్రత్యామ్నాయ క్యాలెండరుగా చైనీస్ ఎంచుకుంటే రోజు పక్కనే చాంద్రమాన తేదీ కనిపిస్తుంది. ఏడాది మొదట్లోనే చూసి గుర్తుపెట్టుకోవాలి. ఆరోజు దీర్ఘాయువు నూడుల్స్ వండుతారు. పొడవుగా ఉన్నవాటిని తుంచకుండా మరిగే నీళ్ళలో వేసి, ఎముకల సూపు పోసి, పైన గుడ్డు పెడతారు. కొడుకు వండేటట్టయితే, రేపు బియ్యం కడగొద్దని ముందురోజు రాత్రే అమ్మకి చెప్పాలి.