పద్నాలుగో ఏట నాన్న ఉద్యోగం

"నాన్నా, నాకు పద్నాలుగేళ్ళప్పుడు నువ్వు ఏం ఉద్యోగం చేసేవాడివని రాయమంటావు?" అని మా అమ్మాయి అడిగిన సమయానికి నేను పప్పుకు తాలింపు వేస్తున్నాను. ఆవాలు చిటపటలాడుతుంటే వినబడలేదని నటించే వీలుంది కాబట్టి మొదటిసారి అలాగే నటించాను. రెండోసారి అడిగేసరికి ఏళ్ళుగా అలవాటైన జవాబే నోటికి వచ్చింది. "సాఫ్ట్‌వేర్ అని రాయి తల్లీ" అన్నాను. ఆమె లాప్‌టాప్ మీది నుంచి తల ఎత్తకుండానే, "నువ్వు ఏం చేసేవాడివో నాకు తెలుసు నాన్నా. ఏం రాయమంటావనే అడుగుతున్నాను" అంది.

ఇరవై ఒక్కేళ్ళ మా అమ్మాయి డాక్యుమెంటరీ టెలివిజన్‌లో కొత్తవారికి శిక్షణ ఇచ్చే ఒక పథకానికి దరఖాస్తు నింపుతోంది. బ్రిటన్‌లో ఇలాంటివి కొన్ని ఉన్నాయి. ఇక్కడి డాక్యుమెంటరీకి ఆద్యుడిగా చెప్పుకునే జాన్ గ్రియర్సన్ పేరిట ఏర్పడిన ట్రస్టు యువత కోసం ఒకటి నడుపుతోంది. ఛానెల్ 4, బీబీసీ వంటి సంస్థల పథకాలు వేరే ఉన్నాయి. మా అమ్మాయి పెట్టుకున్నది ఎక్కడికన్నది ఇక్కడ అనవసరం. పేర్లు వేరైనా పద్ధతి ఇంచుమించు ఒకటే: కొద్ది రోజుల తరగతులు, దారి చూపడానికి ఈ రంగంలోనే పనిచేస్తున్న ఒక అనుభవజ్ఞుడు, ఆ తర్వాత ఏదో ఒక నిర్మాణ సంస్థలో జీతంతో కొంతకాలం పని. మా అమ్మాయి నింపుతున్న దరఖాస్తులో డిగ్రీలో ఎన్ని మార్కులు వచ్చాయన్న ప్రశ్నే లేదు. ఇతరులకు కనబడని కథ నీకేమి కనబడిందని అడిగారు, ఒక నిమిషం వీడియో పంపమన్నారు. చిన్నప్పటి నుంచి ఆమెను మార్కుల కోసం పరుగులు పెట్టించిన నాకు, మార్కులు అడగని దరఖాస్తును చూడగానే ఇది నిఖార్సయిన వ్యవహారమేనా అన్న అనుమానం కలిగిందని ఒప్పుకోవాలి.

తండ్రి ఉద్యోగం గురించిన ప్రశ్న ఆ దరఖాస్తు చివరి భాగంలో ఉంది. నీకు సుమారు పద్నాలుగేళ్ళప్పుడు మీ ఇంట్లో అందరికంటే ఎక్కువ సంపాదించే వ్యక్తి ఏం పని చేసేవారన్నది ఆ ప్రశ్న. ఎవరు ఎలాంటి ఇళ్ళ నుంచి వస్తున్నారో తెలుసుకోవడానికి ఈ ప్రశ్న అడగమని పుట్టిన ఇల్లు ఎదుగుదలకు అడ్డు కాకూడదని చూసే ఇక్కడి ప్రభుత్వ సంస్థ, సోషల్ మొబిలిటీ కమిషన్, యాజమాన్యాలకు సిఫారసు చేసింది. జవాబు సులువుగా ఎంచుకోవడానికి వృత్తులను వర్గాలుగా విడదీసి, ఉదాహరణలు కూడా ఇచ్చారు. ఒక వర్గంలో టీచర్లు, నర్సులు, అకౌంటెంట్లు, లాయర్ల సరసన సాఫ్ట్‌వేర్ డిజైనర్ ఉన్నాడు. మరో వర్గంలో లారీ డ్రైవరు, క్లీనరు, పోర్టరు, వారి పక్కనే సరుకును పెట్టెల్లో సర్దే ప్యాకర్ ఉన్నాడు. మా అమ్మాయికి పద్నాలుగేళ్ళు వచ్చిన 2018లో నేను ప్యాకర్‌ని.

నేను 2003లో ఈ దేశానికి వచ్చిన వీసా పేరే 'అత్యంత నైపుణ్యం గల వలసదారు' అని చెబితే, ఆ మాటలోని వెటకారం మీకు అర్థమవుతుంది. పద్నాలుగేళ్ళు బాగానే గడిచాయి. 2017 ఏప్రిల్‌లో ప్రభుత్వ రంగంలో కాంట్రాక్టు మీద పనిచేసేవారి పన్ను నిబంధనలు మారాయి. అలాంటి కాంట్రాక్టు మీదే సాఫ్ట్‌వేర్ పని చేస్తున్న నాకు, ఆ వేసవిలో ముగిసిన కాంట్రాక్టును మళ్ళీ పొడిగించలేదు. రెండు నెలల్లో ఇంకొకటి దొరక్కపోదు అనుకుంటూ ఐదు నెలలు గడిపి, చివరికి డిసెంబరులో, క్రిస్మస్ రద్దీకి మనుషులు కావాలంటే, ఉత్తర ఇంగ్లండులోని లీడ్స్ నగరం పొలిమేర దాటాక ఎమ్62 రహదారి పక్కనున్న ఒక గిడ్డంగిలో రాత్రి పనికి చేరాను. క్రిస్మస్ దాకా అనుకున్నది పందొమ్మిది నెలలు సాగింది.

చీరాలలో ఉన్న మా అమ్మకు ఫోనులో "నైట్ షిఫ్ట్ పడిందమ్మా" అని చెప్పాను. అందులో అబద్ధం లేదు. సాఫ్ట్‌వేర్ వారికి కూడా నైట్ షిఫ్టులు ఉంటాయని, అమెరికా వాళ్ళ పగలు మన రాత్రి అని మా వీధిలో అందరికీ తెలుసు కాబట్టి, మిగతాది అమ్మే ఊహించుకుంది. "ఇంకా రాత్రుళ్ళేనా నాయనా, మీ మేనేజరుకు చెప్పుకోకూడదూ?" అని ప్రతి ఆదివారం అడిగేది. ముందు భాగంలో ఇనుప రేకున్న గిడ్డంగి బూట్లను ఇంటి గుమ్మం దగ్గర కాకుండా కారు డిక్కీలో పెట్టేవాడిని. ఎవరైనా తెలుగువారు ఇంటికి వస్తే కంటబడతాయన్న భయం ఒకటి, మా అమ్మాయి చూస్తుందన్న భయం మరొకటి. రెండో భయం వృథా అని ఈ దరఖాస్తు పుణ్యమా అని ఇప్పుడు తెలిసింది.

ఒక నిమిషం వీడియో కోసం పంపాలనుకుంటున్నది ఇదేనంటూ ఆమె నాకు ఒక క్లిప్పు చూపించింది. పద్నాలుగో ఏట, తెర మూల పగిలిన పాత ఫోనుతో తీసినది. నిడివి నలభై మూడు సెకన్లు. ఉదయం ఏడు గంటల వేళ, భోజనాల బల్ల దగ్గర నేను కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. అట్టపెట్టెల అంచులు కోసిన గీతలు వేళ్ళ కొసల మీద సన్నగా, నల్లగా కనబడుతున్నాయి. నా భార్య వాటికి కొబ్బరినూనె రాస్తోంది. నా కళ్ళు మూతబడుతున్నాయి. కెమెరా వెనుక నుంచి, "నాన్నా, స్కూలుకు టైమయింది" అని చిన్నపిల్ల గొంతు వినిపిస్తుంది. అప్పుడు నేను కళ్ళు తెరవకుండానే, "స్కాన్ కాలేదు, పక్కన పెట్టు" అంటాను.

చూడగానే దాన్ని తీసెయ్యమన్నాను. ఎందుకని అడిగితే, వెలుతురు సరిగా లేదన్నాను.

తర్వాత బేరానికి దిగాను. మన సంస్కృతి గురించి తీయవచ్చు కదా, నానమ్మ ఆవకాయ కలపడం వీడియో కాల్‌లో రికార్డు చేయవచ్చు కదా, మన సంఘంవారి ఉగాది వేడుకలు ఉన్నాయి కదా అని వరుసగా చెప్పుకుంటూ పోయాను. ఇక్కడి టీవీలో మనవాళ్ళు కనబడితే కూర వండుతూనో, పెళ్ళిలో గంతులు వేస్తూనో కనబడతారు తప్ప మామూలు మనుషులుగా కనబడరని ఇరవై ఏళ్ళుగా సోఫాలో కూర్చుని సణిగినది నేనే. అవకాశం మా ఇంటికి వచ్చేసరికి ఆవకాయ జాడీ అడ్డం పెట్టబోయినదీ నేనే.

ఇంకా సిగ్గుపడాల్సిన సంగతి ఒకటి ఉంది. గ్రియర్సన్ ఎవరో చదివి తెలుసుకున్నాను. స్కాట్లాండ్‌కు చెందిన ఆయన 1926లో ఒక సినిమా సమీక్షలో డాక్యుమెంటరీ అన్న మాట వాడారని, వాస్తవాన్ని సృజనాత్మకంగా మలచడమే డాక్యుమెంటరీ అని నిర్వచించారని తెలిసింది. ఆ నిర్వచనం పట్టుకుని, "అంత పెద్దాయనే మలచవచ్చు అన్నప్పుడు, ఒక్క ఉద్యోగం పేరును కొంచెం మలిస్తే తప్పేమిటి?" అని వాదించాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "మలచడమంటే మార్చడం కాదు నాన్నా" అని, తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోయింది.

నాకు డాక్యుమెంటరీ అంటే చిన్నచూపు ఉండడానికి కారణం చీరాల సినిమా హాళ్ళు అనుకుంటాను. 1948లో మొదలైన ఫిల్మ్స్ డివిజన్‌వారి చిత్రాలను అసలు సినిమాకు ముందు వేయడం హాళ్ళకు తప్పనిసరిగా ఉండేది. మేమంతా వాటిని కలిపి న్యూస్ రీల్ అనేవాళ్ళం. ఏదో ఆనకట్ట, ఏదో వరద, గంభీరమైన ఒక గొంతు, ఆలస్యంగా వచ్చినవాళ్ళు "న్యూస్ రీల్ అయిపోయిందా?" అని గుమ్మంలో అడిగి, కాలేదంటే వేరుశనగకాయల కోసం వెనక్కి వెళ్ళేవారు. నిజాన్ని చూపించే బొమ్మ అంటే అసలు బొమ్మకు ముందు జనం బయట నిలబడే సమయమని నాకు అలా మనసులో పడిపోయింది. లీడ్స్ నడిబొడ్డున 1922లో కట్టిన మెజెస్టిక్ సినిమా హాలు అగ్నిప్రమాదం తర్వాత బాగుపడి, 2021లో ఛానెల్ 4 కార్యాలయంగా మారింది. ఆ దారిన వెళ్ళినప్పుడల్లా మా అమ్మాయి ఆగి చూస్తుంటే, నేను పార్కింగ్ టికెట్టు సమయం అయిపోతోందని తొందరపెట్టేవాడిని.

అసలు దెబ్బ మాత్రం ఆ మర్నాడు తగిలింది. మా నాన్న చీరాలలో పొగాకు కంపెనీలో గ్రేడింగు పని చేసేవారు. అన్నం ముద్ద పెట్టినా ఆయన చేతుల్లో ఆకు వాసన వచ్చేది. ఆ సంగతి నేను దాచుకున్నవాడిని కాను సరికదా, ఉగాదికి వేదిక మీద మైకు దొరికిన ప్రతిసారీ చెప్పుకున్నవాడిని: పొగాకు గ్రేడింగు చేసిన చేతులు నన్ను ఇంగ్లండు దాకా పంపాయని చెప్పి, గొంతు కొంచెం వణికించి, చప్పట్లు కొట్టించుకునేవాడిని. మొదటి వరుసలో పరికిణీ వేసుకుని కూర్చుని, ఆ ప్రసంగాన్ని ఏటేటా విన్న పిల్ల ఇప్పుడు అడిగింది: "తాతయ్య చేతుల గురించి నువ్వు అందరికీ చెప్పవచ్చు. నీ చేతులు నేను చూపించకూడదా?"

జవాబు దొరక్క నా భార్య వైపు చూశాను. ఆమె బడిలో సహాయకురాలిగా పనిచేస్తుంది, అవసరం పడేదాకా మాట్లాడదు. "ఆ పందొమ్మిది నెలలూ ఇంటి వాయిదా కట్టింది ఆ పనితోనే కదండీ. మీరు దాన్ని దాచుకుంటే, ఆ తిండి తిన్న మేమేమనుకోవాలి?" అంది.

అయినా నా మొండితనం ఒక్కసారిగా కరిగిపోయిందని చెప్పను. నాకున్న అభ్యంతరం పూర్తిగా పరువు గురించే కాదు. ఈ పథకం పెట్టినది, టెలివిజన్‌లో తక్కువగా కనబడే ఇళ్ళ నుంచి పిల్లలను తీసుకోవడానికి. టీవీలో శ్రామిక కుటుంబాలవారు ఎంత తక్కువో 2024 ఆగస్టులో ఎడిన్‌బరో టీవీ ఉత్సవంలో నాటక రచయిత జేమ్స్ గ్రాహం తన ప్రసంగంలో ఎత్తిచూపారు. మాది అలాంటి ఇల్లేనా? పదమూడో ఏట అడిగి ఉంటే సాఫ్ట్‌వేర్, పదహారో ఏట అడిగి ఉంటే మళ్ళీ సాఫ్ట్‌వేర్; సరిగ్గా పద్నాలుగో ఏటనే అడిగారు కాబట్టి ప్యాకర్. నిజంగా మూడు తరాలుగా గిడ్డంగుల్లో, గనుల్లో పనిచేసిన యార్క్‌షైర్ కుటుంబంలోని ఒక పిల్ల స్థానాన్ని, నా పందొమ్మిది నెలలు చూపించి మా అమ్మాయి తీసుకుంటే అది న్యాయమా? ఈ మాట అంటే ఆమె చాలాసేపు ఆలోచించింది. "వివరంగా రాయడానికి కింద ఖాళీ ఉంది. ముందూ వెనుకా ఏం చేసేవాడివో కూడా రాస్తాను. నిర్ణయం వాళ్ళది" అంది. తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ళ పిల్లలకు బడిలో ఇచ్చే ఉచిత భోజనానికి అర్హత ఉండేదా అన్న మరో ప్రశ్నకు మాత్రం ఏం రాయాలో ఇద్దరికీ తెలియలేదు. ఉండేదేమో, అడిగి తెలుసుకుంటే కాగితం మీద సంతకం పెట్టాల్సి వస్తుందని నేను అడగలేదు.

ఇలాంటి పథకాలకు పిల్లలు దరఖాస్తు చేస్తున్న తల్లిదండ్రులకు నాలుగు సలహాలు ఇవ్వాలన్న ఉద్దేశంతోనే ఇది రాయడం మొదలుపెట్టాను. పిల్లలు రాసినది దిద్దకండి. నేను కామాలు దిద్దుతున్నాననుకుంటూ ఆమె గొంతును దిద్దాను. టీవీలో పనిచేసేవారిలో చాలామంది ఫ్రీలాన్సర్లేనని, ఒక కార్యక్రమం నుంచి మరో కార్యక్రమానికి వెతుక్కుంటూ పోవాలని ముందే తెలుసుకోండి. చిత్రీకరణలో చిన్నాచితకా పనులు చేసిపెట్టే రన్నరుగా మొదలై, రీసెర్చరు, అసిస్టెంట్ ప్రొడ్యూసరు మీదుగా పైకి రావడానికి ఏళ్ళు పడుతుంది. రన్నరు పనికి డ్రైవింగ్ లైసెన్సు బాగా ఉపయోగపడుతుంది కాబట్టి అదైనా నేర్పించండి. ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన పనికొచ్చే సాయం అదొక్కటే. ఇంతవరకు రాశాక కలం ఆగిపోయింది. కాంట్రాక్టు నుంచి కాంట్రాక్టుకు బతికి, ఒక వేసవిలో దెబ్బతిన్నవాడిని నేనే కాబట్టి, ఆ బతుకులోకి మా అమ్మాయి నడుస్తుంటే ఆపాలో, నాకంటే తెలిసే వెళుతోందని ఊరుకోవాలో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఫార్మసీ చదివి ఉంటే అన్న మాట వారానికి రెండుసార్లు గొంతు దాకా వస్తుంది. ఒకసారి బయటికి కూడా వచ్చింది.

గడువుకు ముందు రోజు రాత్రి ఆమె లాప్‌టాప్‌ను నా ముందుకు జరిపి, "నువ్వే నొక్కు" అంది. ప్యాకర్ ఉన్న వరుస పక్కనున్న గుండ్రటి గుర్తును నేనే నొక్కాను. ఆ క్లిప్పులో కనబడడానికి సమ్మతి తెలుపుతూ ఆమె ఎక్కడి నుంచో తెచ్చిన కాగితం మీద సంతకం కూడా పెట్టాను. చీరాలలో అమ్మకు ఎవరు చెబుతారన్న ప్రశ్న మిగిలే ఉంది. ఆదివారం చెబుదామనుకుని, ఆదివారం వాతావరణం గురించి మాట్లాడి ఫోను పెట్టేశాను.

నిన్న సాయంత్రం దీపావళి కార్యక్రమం విషయమై మా సంఘం మిత్రుడొకరు ఫోను చేసి, మాటల మధ్యలో, "అమ్మాయి ఇప్పుడేం చేస్తోందండీ?" అని అడిగారు. ఆయన కొడుకు మెడిసిన్ మూడో సంవత్సరం. "మీడియా మేనేజ్‌మెంట్‌లో ఏదో పెద్ద ఫెలోషిప్‌కు ప్రయత్నిస్తోందండీ, దాదాపు మాస్టర్స్‌తో సమానమట" అన్నాను. పక్క గదిలో అప్పటిదాకా వినబడుతున్న కీబోర్డు చప్పుడు ఆగిపోయింది.