సూది లేని కనెక్టర్‌తో పంతొమ్మిది రోజులు

నిన్న ఉదయం హనుమకొండలోని మా డాబా మీద, రష్యా వాతావరణ ఉపగ్రహం మీటియోర్-ఎం ఎన్2-4 పంపిన చిత్రాన్ని మొదటిసారి పూర్తిగా పట్టుకోగలిగాను. ఒక కొసన హిమాలయాల మంచు, మరో కొసన శ్రీలంక, నడుమ మబ్బుల సందుల్లోంచి గోదావరి డెల్టా కనిపించేసరికి కాసేపు నోట మాట రాలేదు. దానికి ముందు పంతొమ్మిది రోజులు నన్ను ఏడిపించిన వస్తువు బొటనవేలి గోరంత కూడా లేదు.

కంప్యూటర్‌కు తగిలించే చిన్న రేడియో రిసీవర్, అంటే డాంగిల్‌కు డ్రైవర్ మార్చడం, ఉపగ్రహ సిగ్నల్‌ను చిత్రంగా మార్చే సాట్‌డంప్ సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోవడం, ఉపగ్రహం ఏ వేళకు వస్తుందో చూసుకోవడం ఒక్క సాయంత్రంలో అయిపోయాయి. యాంటెన్నా కూడా నేనే చేశాను. 53.4 సెంటీమీటర్ల అల్యూమినియం కడ్డీలు రెండు తీసుకుని, వాటి నడుమ 120 డిగ్రీల కోణం ఉంచి, నేలకు సమాంతరంగా ఉత్తర దక్షిణాలుగా బిగించాను. కొలతలో మిల్లీమీటరు తేడా కూడా రానివ్వలేదని గర్వంగా చెప్పుకుంటాను. అక్కడి నుంచి టీవీలకు వాడే ఆర్‌జీ-6 కేబుల్ కిందికి దించి, దాని చివరన ఉన్న ఎఫ్ కనెక్టర్‌ను డాంగిల్‌కు కలపడానికి హైదరాబాదు కోఠిలోని ఒక దుకాణంలో చిన్న అతుకు వైరు కొన్నాను. కథంతా ఆ అతుకు వైరుదే.

ఉపగ్రహం నడినెత్తిన ఉన్నప్పుడు 137.9 మెగాహెర్ట్జ్ దగ్గర, తెర మీద నూరు కిలోహెర్ట్జ్‌కు పైబడిన వెడల్పుతో ఒక గుట్ట లేవాలి. నాకు చదును నేలే కనిపించింది. ఎఫ్‌ఎం పాటలు మాత్రం గట్టిగానే వినిపించేవి, దాంతో యాంటెన్నా, కేబుల్ బాగానే ఉన్నాయని నమ్మాను. అమెరికా వాళ్ల పాత నోవా వాతావరణ ఉపగ్రహాలుంటే సంగతి ఇంకోలా ఉండేది. వాటి సిగ్నల్ ఎంత బలహీనంగా ఉన్నా టిక్కుటిక్కుమనే ఈల చెవికి తెలిసేది. ఆఖరికి మిగిలిన ఆ మూడూ 2025 జూన్, ఆగస్టు నెలల మధ్య సేవ నుంచి తప్పుకున్నాయి. మీటియోర్‌ది డిజిటల్ ప్రసారం, చెవికి అది వట్టి హోరే. సాఫ్ట్‌వేర్‌లోని డీకోడర్ సిగ్నల్‌ను పట్టుకుంటే చిత్రం వస్తుంది, పట్టుకోకపోతే ఎక్కడ లోపముందో చెప్పే ఆనవాలు ఒక్కటీ ఉండదు.

గెయిన్ పెంచాను, తగ్గించాను, శాంపిల్ రేటు మార్చాను, సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఎక్కించాను. ఎఫ్‌ఎం స్టేషన్ల ధాటికి డాంగిల్ ఉక్కిరిబిక్కిరి అవుతోందేమోనని ఫిల్టర్ కొన్నాను, అదీ చాలక యాంప్లిఫయర్ కొన్నాను. రెండింటికీ కలిపి నాలుగు వేలు దాటింది. మల్టీమీటర్‌తోనూ చూశాను. ఒక మొన కడ్డీకి ఆనించి, రెండో మొనను అతుకు వైరు చివరన కనెక్టర్ మధ్యలో గుచ్చితే చక్కగా బీప్‌మంది. ఆ బీప్ నన్ను ఇంకో వారం తప్పుదారి పట్టించింది.

పన్నెండో రోజున అన్నీ సంచిలో వేసుకుని, కాజీపేటలో రైలెక్కి కోఠికి వెళ్లాను. కౌంటరు దగ్గరున్న మనిషి అతుకు వైరును చేతిలోకి కూడా తీసుకోలేదు. "వైఫైకి పనిచేసేది అన్నిటికీ పనిచేస్తది, మా మాల్‌ల తప్పుండదు. టీవీ చూడాలంటే డిష్ పెట్టించుకోండి సార్" అని పది మంది ఎదుట అంటే, పక్కనున్న కుర్రాళ్లు నవ్వారు. యాభై రెండేళ్ల వయసులో, సొంత డబ్బుతో వస్తువు కొని, అది ఎందుకు పనిచేయడం లేదని అడిగినందుకు అలా నిలబడవలసి రావడం నేను మరిచిపోలేను. అమ్మే వస్తువు పేరు సరిగా తెలియనివారికి కొనేవాడిని ఎగతాళి చేసే హక్కు లేదు. బిల్లు మీద నా డాంగిల్‌కు కావలసిన కనెక్టర్ పేరే, ఎస్‌ఎంఏ మేల్ అని, రాసిచ్చింది వారే.

చిక్కు విప్పింది మా వీధికి కేబుల్ కనెక్షన్లు వేసే అబ్బాయి. పక్కింటి పని మీద డాబా ఎక్కినవాడు నా అవస్థ చూసి, అతుకు వైరు విప్పి, ఫోన్ లైటు వేసి రెండు కొసలూ చూశాడు.

"సార్, రెండు దిక్కుల బొక్కలే ఉన్నయి, సూది ఏది?" అన్నాడు.

కేబుల్ పనిలో ఎఫ్ కనెక్టర్ బిగించేటప్పుడు మధ్య రాగి తీగ బయటికి వచ్చిందో లేదో చూడటం వాళ్లకు మొదటి అలవాటు. నాకు అంటగట్టింది రివర్స్ పొలారిటీ ఎస్‌ఎంఏ, అంటే వైఫై రౌటర్లకు వాడే రకం. మర ఒకటే కావడంతో బిగుతుగానే కూర్చుంటుంది, కానీ సూది ఉండవలసిన చోట రంధ్రం ఉంటుంది. డాంగిల్ మధ్యలోనూ రంధ్రమే కాబట్టి రెండూ ఎన్నడూ తాకలేదు. దగ్గర్లోని ఎఫ్‌ఎం స్టేషన్ల బలమైన సిగ్నల్ ఆ సందును దాటి వచ్చేది, దాదాపు 820 కిలోమీటర్ల ఎత్తు నుంచి వచ్చే సన్నని సిగ్నల్ దాటలేకపోయేది. మల్టీమీటర్ మొన ఆ రంధ్రంలో దూరి, లేని సూది పని తానే చేసింది. ఫిల్టర్, యాంప్లిఫయర్ ఆ కనెక్టర్‌కు ఇవతలే చేరడం వల్ల వాటి వల్ల ప్రయోజనం లేకపోయింది.

మీరు కొత్తగా మొదలుపెడుతుంటే యాంప్లిఫయర్ జోలికి పోకముందే ప్రతి కనెక్టర్ నోట్లోకీ లైటు వేసి చూడండి. లోపలి వైపు మర ఉన్నదానికి సూది ఉంటే అది మనకు కావలసిన ఎస్‌ఎంఏ మేల్. అతుకులు కలిపి బిగించాకే, ఇటు చివర నుంచి అటు చివర వరకు మీటరు పెట్టండి.

సరైన అతుకు వైరు నూట ఎనభై రూపాయలకు వచ్చింది. మొదటి రోజు చిత్రంలో అడ్డంగా నల్లని చారలు పడ్డాయి. మెట్ల దగ్గరి ఎల్‌ఈడీ బల్బు ఆర్పగానే అవి పోయాయి. ఉపగ్రహం పడమటి వైపు నుంచి దాటిపోయేటప్పుడు నీళ్ల ట్యాంకు అడ్డొచ్చి ఇంకా రెండు మూడు నిమిషాల చిత్రం పోతోంది కనుక, ఈ ఆదివారం యాంటెన్నా గొట్టాన్ని అవతలి పిట్టగోడ దగ్గరికి మారుస్తున్నాను.