అనంతపురం ఎండకు, బోరు నీళ్ళకు నిలబడే పూలమొక్కలు

కడియం మొక్కల బండి వచ్చి రోడ్డు పక్కన ఆగిందంటే చాలు, అందరి చెయ్యీ ముందు పోయేది గుత్తులు గుత్తులుగా పూసిన నూరువరహాల మీదికే. గోదావరి గాలిలో తేమకు పెరిగిన మొక్క అది. ఇక్కడ కుండీలో పెట్టిన కొన్ని నెలలకు కొత్త ఆకు పసుపుపచ్చగా వస్తుంది, ఈనెలు మాత్రం పచ్చగానే ఉంటాయి. ఎండ ఎక్కువైందేమోనని నీడకు జరిపి ఇంకో చెంబు నీళ్ళు పోస్తారు. ఆ చెంబులోనే ఉంది రోగం.

మన బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పనీళ్ళు. బకెట్ అంచుకు, కుళాయి మూతికి తెల్లగా గార కట్టేదే కుండీ మట్టిలోనూ పేరుకుంటుంది. మట్టి క్షారం తిరిగాక అందులో ఇనుము ఉన్నా వేరుకు అందదు. శెనక్కాయ రైతులకు ఇది తెలిసిన సంగతే, చేను పసుపు తిరిగితే అన్నభేది, అంటే ఇనుముండే ఫెర్రస్ సల్ఫేట్, కొడతారు. కుండీకీ అదే మందు: లీటరు నీళ్ళలో ముందు 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్), అది కరిగాక 5 గ్రాముల అన్నభేది. సాయంత్రం పూట ఆకు తడిసేలా కొట్టాలి, పది రోజులకోసారి చొప్పున రెండు మూడు సార్లు. కలిపింది అప్పుడే వాడెయ్యాలి. రేపటికి తుప్పురంగు తిరిగి పనికిరాకుండా పోతుంది. గచ్చు మీద పడితే మరక పోదు, ఆ సంగతి ముందే చూసుకోండి. అయినా ఏడాది పొడుగునా మందు కొట్టి బతికించుకోవాల్సిన మొక్క మనకెందుకు? నూరువరహాలు, గార్డెనియా, ఆంథూరియం, ఫెర్న్‌లు బండి మీద చూసి సంతోషించి వదిలెయ్యడమే మేలు.

ఆర్వో ఫిల్టర్ వదిలేసే నీళ్ళు పారబోయడం ఎందుకని మొక్కలకు పోస్తుంటారు. బోరులో ఉన్న ఉప్పంతా ఇంకా చిక్కబడి వచ్చేది ఆ గొట్టం నుంచే. గచ్చు కడగడానికి వాడుకోండి. ఏసీ నుంచి కారే నీళ్ళు మాత్రం ఉప్పులేనివి, కుండీలకు భేషుగ్గా పనికొస్తాయి. వాన పడుతున్నప్పుడు కుండీలన్నీ ఆరుబయట పెట్టి, అడుగు చిల్లుల్లోంచి నీళ్ళు ధారగా కారేదాకా తడవనిస్తే పేరుకున్న ఉప్పు చాలామటుకు కొట్టుకుపోతుంది.

ఇక్కడ ఒకే ఒక్క మొక్క పెట్టుకోవాలంటే కాగితంపూలు. ఈ ఎండ, ఈ నేల దానికి సరిగ్గా సరిపోతాయి. రంగుగా కనిపించేవి పూరేకులు కావు, ఆకులే; అసలు పువ్వు వాటి మధ్యలో తెల్లగా, అగ్గిపుల్ల తలంత ఉంటుంది. ఏపుగా పెరిగి ఒక్క పువ్వూ పూయలేదంటే సాధారణంగా మూడు కారణాలు: నీళ్ళు ఎక్కువ కావడం, యూరియా లాంటి నత్రజని ఎరువు వేయడం, రోజుకు ఆరు గంటల ఎండ తగలకపోవడం. 12 అంగుళాల మట్టికుండీ చాలు, వేర్లు ఇరుకుగా ఉంటేనే బాగా పూస్తుంది. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు దొడ్డు ఇసుక, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, పిడికెడు వేపపిండి కలపండి. అక్టోబరు వానలు వెనకపట్టాక, నవంబరు మధ్యలో ప్రతి కొమ్మా మూడో వంతు కత్తిరించాలి. కొత్త చిగుళ్ళు జానెడు సాగాక నీళ్ళు బిగబట్టాలి. అసలు నేర్పంతా ఇక్కడే. రోజూ పొద్దున లేత ఆకుల కొసలు చూడండి. నిటారుగా ఉంటే పోయొద్దు. మెత్తబడి కిందికి వాలితే అప్పుడు కుండీ అడుగు నుంచి కారేదాకా పోసి, మళ్ళీ వాలేదాకా ఆగండి. ఇలా మూడు నాలుగు వారాలు మాడిస్తే కొమ్మల చివర్లు రంగు తిరుగుతాయి. మొగ్గ కనబడ్డాక మాత్రం మాడ్చకూడదు, రాలిపోతుంది. సల్ఫేట్ ఆఫ్ పొటాష్ లీటరుకు 3 గ్రాములు, పదిహేను రోజులకోసారి పోస్తే రంగు బాగుంటుంది. పొయ్యి బూడిద వేయమని చెప్పేవాళ్ళుంటారు. మన నీళ్ళ క్షారం చాలక బూడిద కూడానా!

ఎడారి గులాబీ, అదే అడీనియం, ఎండకు జడవదు, తడికి జడుస్తుంది. సగం దొడ్డు ఇసుకో ఇటుక ముక్కలో కలిపిన మట్టి కావాలి. డిసెంబరు చలికి ఆకు రాలిస్తే చచ్చిపోతోందని నీళ్ళు పోసేస్తారు, అప్పుడే దుంప కుళ్ళేది. దుంపను బొటనవేలితో నొక్కి చూడండి. గట్టిగా ఉంటే నిద్రలో ఉన్నట్టు. మెత్తగా దిగితే మొక్కను పెరికి, కుళ్ళిన భాగం తెల్లటి కండ కనిపించేదాకా కోసి, వారం రోజులు నీడలో ఆరబెట్టి మళ్ళీ పొడి మట్టిలో నాటాలి. ఫిబ్రవరిలో కొమ్మలు కత్తిరిస్తే వేసవికి గుబురుగా పూస్తుంది.

గట్ల మీద దానంతటదే పెరిగే తంగేడును ఇంటి ముందు ఎవరూ పెట్టుకోరెందుకో. నర్సరీల్లోనూ అరుదు. ఎండిన కాయలు కోసుకొచ్చి, మరిగించి దించిన నీళ్ళలో గింజలు వేసి రాత్రంతా వదిలెయ్యండి. పెంకు గట్టిది, లేకపోతే నీరు పట్టదు. తల్లివేరు లోతుకు పోయే జాతి కాబట్టి కుండీలో మొలిపించి మార్చకుండా, ఉండాల్సిన చోటే నాలుగు గింజలు వేసి బలమైన మొలక ఒకటి ఉంచుకోవాలి.

నాటడానికి జూన్ తొలకరి మంచిదనుకుంటారు. మనకు ఏడాదికి పడేదే సుమారు 550 మిల్లీమీటర్లు, అందులో పెద్ద వానలు సెప్టెంబరు, అక్టోబరుల్లో. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఆషాఢంలో పడమటి గాలి లేత మొక్కలోని తడంతా పీల్చేస్తుంది. ఆగస్టు చివరిదాకా ఆగండి.

తెచ్చిన మొక్క వేర్ల చుట్టూ నల్లటి ఒండ్రుమట్టి ముద్ద ఉందంటే అలాగే పాతిపెట్టొద్దు. మన ఎర్రమట్టిలో పోసిన నీళ్ళు ముద్ద పక్కనుంచి దిగిపోతాయి, ముద్ద లోపల ఇటుకలా ఎండుతుంది. బకెట్ నీళ్ళలో ముంచి బుడగలు ఆగేదాకా ఉంచి, పైమట్టి వేళ్ళతో అంగుళం మందాన రాల్చి నాటండి. కాగితంపూల వేర్లు మాత్రం పెళుసు, దాని ముద్దను నానబెట్టడమే గానీ రాల్చకూడదు. గరుసు నేలైతే రెండడుగుల గుంత తవ్వాలి. తాడిపత్రి వైపు నల్లరేగడైతే గుంత కాకుండా అడుగు ఎత్తు ఎర్రమట్టి కట్ట పోసి దాని మీద నాటాలి. పాదిలో రెండంగుళాల మందం శెనక్కాయ పొట్టు పరిస్తే తడి నిలుస్తుంది. పొట్టుకు చెదలు పడతాయి కాబట్టి మొదలుకు నాలుగు వేళ్ళ దూరం వదలాలి.

మేడ మీద కడప బండలు పరిచి ఉంటే కుండీల కింద ఇటుకలు పెట్టండి. మే నెలలో ఆ బండ మీద కాలు మోపలేం, వేరు మాత్రం ఎలా ఓర్చుకుంటుంది? నల్ల ప్లాస్టిక్ కుండీలైతే పడమటి వైపు సున్నం పూయాలి, లేదా గోనెపట్టా చుట్టాలి.

వీధి వైపు కంచెకు గన్నేరు. మూడడుగులకు ఒకటి పెడితే చాలు, మేకలు ముట్టవు. ముట్టకపోవడానికి కారణం అందులోని విషమే. పచ్చగన్నేరు గింజలు ఇంకా ప్రమాదం, చిన్నపిల్లలున్న ఇంట్లో అది అసలు వద్దు. కత్తిరించిన కొమ్మలు ఆవులు తిరిగే చోట పడెయ్యకండి, ఎండిన ఆకులోనూ విషం పోదు. పొయ్యిలోనూ పెట్టకండి, ఆ పొగ కూడా మంచిది కాదు.